సేవకుడికి సెలవుందా? పరిచర్య, స్నేహం, విశ్రాంతిపై అవగాహన

ప్రశ్న ఎక్కడ బెడిసికొడుతుంది?

వేదాంత కళాశాలల్లో కాపరి పరిచర్య పేపరు రాసేవారికి తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది: తీరికలేని పరిచర్యలో ఉన్నవాడు స్నేహాన్ని, విశ్రాంతిని, ఆత్మీయ ఎదుగుదలను ఎలా నిలబెట్టుకోవాలి? చూడగానే తేలిగ్గా అనిపిస్తుంది. మార్కులు పోయేది అందుకే. ‘ముందు దేవుడు, తర్వాత కుటుంబం, ఆ తర్వాత సేవ’ అని వరుస పేర్చి, కింద నాలుగు వాక్యభాగాలు చేర్చి చాలామంది ముందుకు సాగిపోతారు. ఆ వరుసలో తప్పేమీ లేదు. కానీ మంగళవారం రాత్రి పదిన్నరకు ఫోన్ మోగి, ‘అయ్యా, ఒక్క అడుగు వచ్చి ప్రార్థన చేసిపోండయ్యా’ అన్నప్పుడు ఆ వరుస ఎవరికీ గుర్తుకు రాదు.

దీన్ని సమయపాలన ప్రశ్నగా చూస్తే జవాబు టైంటేబుల్ దగ్గర ఆగిపోతుంది. ఇది అసలు పని పంపకం ప్రశ్న. ఒక్క మనిషి అన్నీ మోస్తున్న చోట విశ్రాంతి గురించి ఎంత బోధించినా గాలికి పోతుంది. బైబిలులోనూ, నెల్లూరు తీరపు సంఘ చరిత్రలోనూ కనిపించేది ఇదే. కాబట్టి ఈ పాఠంలో సిద్ధాంతం కొద్దిగానే ఉంటుంది, చరిత్ర ఎక్కువగా ఉంటుంది. చివర్లో నెల్లూరు జిల్లా విడవలూరు మండలం నేపథ్యంగా ఒక సందర్భ ప్రశ్నను విడదీసి చూద్దాం.

మూల భావనలు

ముందు సహవాసం, స్నేహం అనే రెండింటినీ విడిగా పట్టుకోవాలి. జవాబు పత్రాల్లో ఇవి కలిసిపోతుంటాయి. సహవాసం సంఘానిది: కూడికకు వచ్చినవారందరూ అందులో ఉంటారు, కాపరి దానికి పెద్ద. స్నేహంలో పెద్ద ఉండడు. ఆదివారం వందమందికి వందనాలు చెప్పి, సోమవారం తన మనసులో మాట చెప్పుకోవడానికి ఒక్కరూ లేని కాపరి సహవాసంలో ఉన్నాడు, స్నేహంలో లేడు.

విశ్రాంతి అంటే నిద్ర ఒక్కటే కాదు, పని మన చేతిలో లేకపోయినా లోకం నడుస్తుందని ఒప్పుకోవడం. సబ్బాతు ఆజ్ఞ (నిర్గమ 20:8-11) యజమానికి మాత్రమే కాదు, దాసుడికీ, పశువుకూ, ఇంట్లో ఉన్న పరదేశికీ వర్తిస్తుంది. దీన్ని కాపరి ఇంటికి అన్వయిస్తే ఒక ఇబ్బందికరమైన ప్రశ్న లేస్తుంది. అయ్యగారు సెలవు తీసుకున్న రోజున అమ్మగారికి సెలవు ఉందా? చాలా ఇళ్లలో ఆ రోజే ఆమెకు వంటపని ఎక్కువ. పరీక్షలో ఈ మాట రాసేవారు అరుదు. రాస్తే ఆజ్ఞను పూర్తిగా చదివారని తెలుస్తుంది.

ఆత్మీయ ఎదుగుదలకు ఒక పనికొచ్చే పరీక్ష ఉంది. ప్రసంగం కోసం చదివే చదువు వేరు, తన కోసం చదివే చదువు వేరు. పొద్దున చదివిన వాక్యం అరగంటలో వాట్సాప్ స్టేటస్ అయిపోతే, అది తనకు ఆహారంగా మారకముందే ఇతరులకు వడ్డన అయిపోయినట్లే.

ఇక బర్నవుట్. ఈ మాటను వైద్య సాహిత్యంలోకి తెచ్చినవాడు మనోవిజ్ఞాన నిపుణుడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బెర్గర్, సంవత్సరం 1974. న్యూయార్క్‌లో ఉచిత వైద్యశాలలో సేవ చేస్తూ, తనలోనూ తోటి స్వచ్ఛంద సేవకుల్లోనూ చూసిన అలసటకు ఆయన ఆ పేరు పెట్టాడు. జీతం కోసం కాక ఆశయం కోసం పనిచేసేవారిలోనే ఇది మొదట కంటపడిందన్నది గుర్తుంచుకోదగ్గ విషయం. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ దీన్ని కొలిచే ప్రశ్నావళిని ప్రచురించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల పట్టిక ఐసీడీ-11 దీనికి మూడు లక్షణాలు చెబుతుంది. శక్తి హరించుకుపోవడం, పని మీద విముఖత లేదా ఎత్తిపొడుపు ధోరణి, చేసే పనిలో ఫలితం తగ్గిందన్న భావన. ఆ పట్టికలో ఇది జబ్బు కాదు, వృత్తికి సంబంధించిన స్థితి. ‘బర్నవుట్ అనే వ్యాధి’ అని రాయకండి.

కాపరుల విషయంలో రెండో లక్షణాన్ని ప్రత్యేకంగా చూడాలి. అలసిన కాపరి అలిసిపోయానని చెప్పడు. ‘ఈ ఊరివాళ్లు మారరు’ అంటాడు.

వాక్యాధారాలు: ఎవరూ ఎక్కువగా రాయనివి

మార్త, మరియల కథ (లూకా 10:38-42) అందరూ రాస్తారు. మీరూ రాయండి, రెండు వాక్యాల్లో ముగించండి. అంతకన్నా బరువైన భాగాలు ఉన్నాయి.

మార్కు 6:30-46 మొత్తాన్ని ఒకేసారి చదవాలి. శిష్యులు పరిచర్య ముగించుకుని వస్తారు. భోజనానికి కూడా తీరిక లేనంత రద్దీ. యేసు వారిని ఏకాంత స్థలానికి తీసుకెళ్తాడు. అక్కడితో చాలామంది ఆపేస్తారు. తర్వాత జరిగింది చూడండి. జనం కాలినడకన ముందే చేరుకున్నారు, విశ్రాంతి చెడిపోయింది. యేసు వారిమీద కనికరపడి బోధించాడు, ఐదువేలమందికి ఆహారం పెట్టాడు. అయితే ఆ సాయంత్రమే శిష్యులను పడవ ఎక్కించి, జనాన్ని పంపేసి, తాను కొండకెళ్లాడు. విశ్రాంతి వాయిదా పడింది గానీ రద్దు కాలేదు. అదీ ఆ రోజులోపే. జనం అవసరం ముందా, సేవకుడి విశ్రాంతి ముందా అన్న ప్రశ్నకు ఈ అధ్యాయం ఇచ్చే జవాబు అంత సూక్ష్మమైనది.

1 రాజులు 19లో ఏలీయాది వరుసక్రమం గమనించాలి. కర్మెలు విజయం తర్వాతే ఆయన బదరీవృక్షం కింద చావు కోరుకున్నాడు. దేవుడు వెంటనే ఉపదేశం ఇవ్వలేదు. నిద్ర, రొట్టె, నీళ్లు. మళ్లీ నిద్ర, మళ్లీ రొట్టె. ఆ తర్వాత నలభై రోజుల నడక, అప్పుడు స్వరం, ఆ స్వరంలోనే ఎలీషా అనే తోడు. శరీరం, ఏకాంతం, సహచరుడు, ఈ క్రమంలో. అలిసిన సేవకుడికి మొదటే వాక్యం చెప్పడానికి వెళ్లే పెద్దలు ఈ వరుసను ఒకసారి చూసుకోవాలి.

నిర్గమ 18లో మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీర్పు తీరుస్తుంటే మామ యిత్రో వచ్చి, ఈ పద్ధతి మంచిది కాదని, నువ్వూ నలుగుతావు, జనమూ నలుగుతారని తేల్చాడు. జనమూ నలుగుతారన్నదే ఇక్కడ కీలకం. ఒక్కడే చేయడం వల్ల నష్టం కాపరికి మాత్రమే కాదు, వరుసలో నిలబడినవారికి కూడా. అసలు చూడటానికి వచ్చిన ఒక బంధువుకు కనిపించింది రోజూ చుట్టూ ఉన్నవారికి కనిపించలేదు.

స్నేహం విషయంలో పౌలును పట్టుకోవాలి. 2 కొరింథీ 2:12-13లో ఆయన త్రోయకు వెళ్తాడు. సువార్తకు అక్కడ తలుపు తెరిచే ఉంది. అయినా తీతు కనబడలేదని మనసుకు నెమ్మది లేక, అందరి దగ్గరా సెలవు తీసుకుని మాసిదోనియకు వెళ్లిపోతాడు. తెరిచిన తలుపును వదిలి స్నేహితుణ్ణి వెతుక్కుంటూ వెళ్లిన అపొస్తలుడు! దీన్ని బలహీనత అనండి, మానవత్వం అనండి, పౌలు మాత్రం దాచలేదు.

ఇక ఈ పాఠానికంతటికీ ఒక్క భాగమే రాయమంటే నేను 2 తిమోతి 4:9-13 రాస్తాను. చెరలో ఉన్న వృద్ధుడు తిమోతిని త్వరగా రమ్మంటాడు, మార్కును వెంటబెట్టుకు రమ్మంటాడు. లూకా ఒక్కడే తన దగ్గరున్నాడని చెబుతాడు. త్రోయలో కర్పు ఇంట వదిలిన అంగీ తెమ్మంటాడు, పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు తెమ్మంటాడు. ఇంకొన్ని వచనాల తర్వాత చలికాలం రాకముందే రమ్మని తొందరపెడతాడు. స్నేహితులు, ఒంటికి వెచ్చదనం, చదువు. మన ప్రశ్నలోని మూడూ ఐదు వచనాల్లో ఉన్నాయి, అదీ మరణం ముంగిట ఉన్న సేవకుడి కోరికలుగా.

చరిత్ర: నెల్లూరు తీరంలో ఒంటరి నక్షత్రం

ఇది మన ప్రాంతపు చరిత్ర. ఆధునిక ఆంధ్ర చరిత్ర చదివే పోటీ పరీక్షల అభ్యర్థులకూ ఉపయోగపడుతుంది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగు నేలకు వచ్చి, విశాఖ, శ్రీకాకుళం, మద్రాసుల మీదుగా 1840లో నెల్లూరు చేరాడు. ఐదేళ్లకు ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిని 1845లో స్వదేశం వెళ్లాల్సి వచ్చింది. అదే కాలంలో తోటి మిషనరీ వాన్ హ్యూసెన్ దంపతులూ అనారోగ్యంతోనే వెనుదిరిగారు. నెల్లూరు పని కొన్నేళ్లు స్థానిక సహాయకుల చేతుల్లోనే నడిచింది. డే 1849లో లైమన్ జ్యూయెట్‌ను వెంటబెట్టుకుని తిరిగి వచ్చాడు గానీ, 1853లో మళ్లీ ఆరోగ్యం చెడి శాశ్వతంగా వెళ్లిపోయాడు. జ్యూయెట్ కూడా 1860ల మొదట్లో అదే కారణంతో అమెరికా వెళ్లాడు. మిషన్‌ను మూసేద్దామా అన్న చర్చ అమెరికాలోని సంఘంలో 1846, 1853, 1862లలో మూడుసార్లు వచ్చింది. 1853 చర్చ సందర్భంగా శామ్యూల్ ఎఫ్. స్మిత్ రాసిన పద్యం వల్ల దీనికి ‘లోన్ స్టార్’, అంటే ఒంటరి నక్షత్రం మిషన్ అన్న పేరు నిలిచిపోయింది.

ఈ చరిత్రను పట్టుదల కథగా చెప్పడం మామూలు. మూడుసార్లు మూయబోయారు, మూయలేదు, కాబట్టి పట్టువదలకూడదు అని. అది నిజమే. కానీ పక్కనే మరో నిజం కూడా ఉంది. మొదటి పాతికేళ్లలో ఈ మిషన్‌ను దాదాపు మూసివేత దాకా తెచ్చింది వ్యతిరేకత కంటే ఎక్కువగా సేవకుల ఆరోగ్యం. ఉష్ణమండల జ్వరాలు ఒక కారణం. విస్తారమైన జిల్లాకు ఒకరిద్దరే మనుషులు ఉండటం మరో కారణం. ‘ఒంటరి’ అన్న మాట కవిత్వంలో అందంగా ఉంటుంది, జీవితంలో ఆరోగ్యాన్ని తినేస్తుంది.

1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద జరిగిన ప్రార్థన కూడా ఈ కోణంలో చూడదగ్గదే. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడే అటు మారింది. ఆ కొండెక్కినవారు ఐదుగురు: జ్యూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే పేరుగల తెలుగు విశ్వాసి, జూలియా, రూతు. ముగ్గురు తెలుగువారు, ఇద్దరు అమెరికన్లు. ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు. మిషన్ అత్యంత బలహీనంగా ఉన్న కాలం అది. ఆ వేకువ ఎక్కడా సభ లేదు, ప్రసంగ వేదిక లేదు, కలిసి ప్రయాణం చేసిన ఐదుగురు మనుషులు ఉన్నారంతే. ఆ కొండను ఈనాటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు.

క్లౌ దొర: అత్యంత రద్దీ రోజున మధ్యాహ్నం విరామం

జాన్ ఎవరెట్ క్లౌ 1865లో జ్యూయెట్‌తో కలిసి వచ్చి, మరుసటి ఏడాది ఒంగోలులో స్థిరపడ్డాడు. కనిగిరి ప్రాంతపు యెర్రగుంట్ల పేరయ్య ఆయన తొలి సహచరుల్లో ముఖ్యుడు. పేరయ్య క్రైస్తవుడు కాకముందే గురువుల దగ్గర ధ్యాన సాధన చేసిన మనిషి. నిశ్శబ్దంగా కూర్చోవడం ఆయనకు మిషనరీలు నేర్పిన విద్య కాదు. ఆత్మీయ ఎదుగుదల మీద తెలుగు ఉదాహరణ కావాలనుకునేవారు ఈయన్ని వదులుకోకూడదు. ఈ వివరాలు క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన పుస్తకంలో ఉన్నాయి.

1876-78 మహాక్షామం వచ్చింది. కరువు పనిగా మద్రాసు ప్రభుత్వం తీర కాలువలో కొంత భాగాన్ని తవ్వించింది. అదే బకింగ్‌హాం కాలువ. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు దానికి పెట్టారు. నెల్లూరు తీరం పొడవునా సముద్రానికి సమాంతరంగా సాగే కాలువ ఇదే. క్లౌ అమెరికాలో ఉండగా భూమి సర్వే పని చేసినవాడు. ఆ అనుభవంతో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి పని ఇచ్చాడు. ఆయన బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు కాలంలో ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. కోరినా ఇవ్వలేదు. పరిచర్యలో ‘లేదు’ అనడం ఎలాగో చెప్పే ఉదాహరణల్లో ఇంత పెద్దది మరొకటి నాకు తోచదు. అంకెల కోసం తొందరపడే ఏ సేవకుడైనా ఆ పని చేసి ఉండేవాడు కాదు.

కరువు తగ్గాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకె అందరికీ తెలుసు. పరీక్షకు దీన్ని మించిన వివరం మరొకటి ఉంది. ఆ రోజు బాప్తిస్మాలు ఇచ్చినవాడు క్లౌ కాదు. అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు ఇచ్చారు. ఒకేసారి ఇద్దరు నీళ్లలో దిగేవారు, అలిసిపోతే మరో ఇద్దరు వారి స్థానంలోకి వచ్చేవారు. పొద్దున మొదలై పదకొండు ప్రాంతంలో ఆపేశారు. మధ్యాహ్నం రెండింటికి మళ్లీ మొదలుపెట్టి, సాయంత్రం ఐదింటికల్లా ముగించారు. వేలమంది ఒడ్డున ఎదురుచూస్తున్నా ఎండవేళ మూడు గంటల విరామం! ఆ రోజు అంకెను చెప్పి ఉత్సాహపరిచే ప్రసంగాలు ఎన్నో విన్నాం. వంతులవారీగా, మధ్యలో విరామంతో జరిగిన పని అది అని చెప్పిన ప్రసంగం వినడం అరుదు.

ఆ ఏడాది చివరికి తొమ్మిది వేలకు పైగా సంఘంలో చేరారు. ఆ కాలంలో ప్రపంచంలోనే పెద్ద బాప్టిస్టు సంఘంగా ఒంగోలు పేరు వినిపించేది. అన్నివేలమందిని ఒక మనిషి కాపాడలేడు. పల్లెపల్లెకూ బోధకులను, ఉపాధ్యాయులను, బైబిలు స్త్రీలను నియమించుకుంటూ పోవడమే అక్కడ పరిచర్య అయింది.

డోర్నకల్: స్నేహం అడిగిన బిషప్

స్నేహం మీద తెలుగు నేల నుంచి ఇంకో ఉదాహరణ. వి.ఎస్. అజరయ్య తిరునెల్వేలి తమిళుడు, 1874లో పుట్టాడు. 1909లో మిషనరీగా డోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912లో డోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే.

దానికి రెండేళ్ల ముందు, 1910 ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో ఆయన చేసిన ప్రసంగం చరిత్రకెక్కింది. మిషనరీలు భారతీయ సేవకులకు ఎంతో ఇచ్చారు, త్యాగం చేశారు, అయితే స్నేహితులుగా మాత్రం దగ్గరకు తీసుకోలేదని, తమకు కావలసింది స్నేహమని ఆయన సూటిగా అడిగాడు. సభలో కొందరికి మింగుడుపడలేదు. ఒకే పనిలో కలిసి అలిసిపోయే ఇద్దరి మధ్య కూడా, ఒకరు జీతమిచ్చేవాడు, ఒకరు పుచ్చుకునేవాడు అయితే స్నేహం దానంతటదే పుట్టదని ఆ ప్రసంగం చెబుతుంది. ఈ మాట నేటి సంఘాలకూ వర్తిస్తుంది. పెద్ద సంఘపు సీనియర్ కాపరికీ, ఆయన కింద పల్లె కూడికలు నడిపే సహాయకుడికీ మధ్య స్నేహం ఉందా అని ఎవరైనా అడిగారా?

అజరయ్య స్వయంగా స్నేహాలు నిలుపుకొన్నవాడు. అమెరికన్ షెర్‌వుడ్ ఎడ్డీ, మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఆయనకు ఆప్తులు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు.

సందర్భ ప్రశ్న: విడవలూరు

ఇక అన్వయం. ఈ కింది సందర్భం కల్పితమే. పరిస్థితి మాత్రం కల్పితం కాదు.

‘విడవలూరు మండలంలో ఒక కాపరి ప్రధాన సంఘంతో పాటు ముదివర్తి, ఊటుకూరు, రామతీర్థం వైపు పల్లెల్లో కూడికలు నడుపుతున్నాడు. ఆదివారం రెండు ఆరాధనలు, బుధవారం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, రాత్రుళ్లు గృహ ప్రార్థనలు. మూడేళ్లుగా సెలవు లేదు. ఈమధ్య ప్రసంగాలు పాతవే వస్తున్నాయని విశ్వాసులు అంటున్నారు. ఇంట్లో చిరాకు పెరిగింది. మీ సలహా ఏమిటి?’

‘వారానికో రోజు సెలవు తీసుకోవాలి’ అని మొదలుపెట్టకండి. ముందు ఊరి సంవత్సరాన్ని చూడండి. పెన్నా డెల్టాలో ప్రధాన వరి పంట ఆలస్యంగా వస్తుంది. అక్టోబరులో నారుమళ్లు, నవంబరు, డిసెంబరుల్లో నాట్లు, ఫిబ్రవరి చివరి నుంచి కోతలు. సరిగ్గా నాట్ల మీదే క్రిస్మస్ పడుతుంది, కోతల మీద శ్రమకాలం, మంచి శుక్రవారం పడతాయి. డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు, ఇంటింటా క్యారల్స్, ఊరూరా సభలు. పగలంతా మోకాలి లోతు బురదలో నడుం వంచిన ఆడవాళ్లు రాత్రి పది దాటాక క్యారల్ బృందానికి టీ కాచి ఇస్తారు. దానికి తోడు ఈ తీరంలో అవి తుపాను నెలలు. అంటే కాపరి, సంఘం ఒకేసారి అలిసిపోయే కాలం అది. ఇద్దరికీ పనికొచ్చే సలహా ఒకటుంది. ప్రతి ఇంటికీ విడిగా క్రిస్మస్ కూడిక పెట్టకుండా వీధికొకటి పెట్టుకోవడం. మొదట్లో మా ఇంటికి అయ్యగారు రాలేదని అలకలు వస్తాయి. ఆ అలకలు పడటమూ పరిచర్యలో భాగమే.

మళ్లీ కోతలయ్యాక, ఎడగారు (రెండో పంట) పనులు మొదలయ్యేలోపు కొంత తెరిపి దొరుకుతుంది. పల్లె కాపరి ఏకాంత ధ్యానానికి, తన చదువుకు, పుట్టింటికో అత్తవారింటికో వెళ్లి రావడానికి ఆ రోజులు అనువు. మండలానికి ఒక అంచు సముద్రం, తీరం వెంబడి చేపలవేట ఊళ్లు. వేట ఆగే రోజులు, రొయ్యల చెరువుల పట్టుబడి రోజులు వేరేగా నడుస్తాయి. కాబట్టి ఒకే మండలంలో రెండు పల్లెలకు రెండు తీరికలు ఉంటాయి. సెలవు రోజు నగర సంఘాల్లో లాగా సోమవారమే అవ్వాలని ఏ నియమమూ లేదు.

తర్వాత పంపకం. నాలుగు కూడికల్లో రెండింటికి వాక్యం చెప్పగలిగిన పెద్దలు ఉన్నారా? లేకపోతే ఏడాదిలో ఇద్దరిని తయారుచేయడమే కాపరి అసలు పని. ఆసుపత్రి పరామర్శకు ఒక జట్టు, రాత్రి ఫోన్లు ఎత్తడానికి వంతులు. వెల్లంపల్లి దగ్గర ఇద్దరు అలిసిపోతే ఇద్దరు దిగిన పద్ధతి ఇదే. చాలా చోట్ల దీనికి అడ్డు విశ్వాసులు కాదు, కాపరే. ‘నేను చేస్తేనే ప్రార్థన పనిచేస్తుంది’ అని ఆయన నోటితో అనడు, నడవడిలో అంటాడు. కానుకలు తగ్గుతాయేమోనన్న భయమూ కొంత ఉంటుంది. నిర్ణీత జీతం లేని సేవకుడికి ఆ భయం అర్థంలేనిది కాదు. కాబట్టి సంఘ పెద్దలు నెలవారీ భృతి నిర్ణయించడం కూడా విశ్రాంతి పాఠంలో భాగమేనని జవాబులో రాయాలి. జీతం ఊసెత్తకుండా సబ్బాతు బోధించే పెద్దల మాటకు విలువుండదు.

స్నేహం సంగతి కొంచెం చిక్కు. సంఘంలోనే ఒకరితో చనువుగా ఉంటే పక్షపాతం అంటారు. పక్క సంఘపు కాపరితో ఉంటే ఇక్కడి గొర్రెలు అక్కడికి పోతాయన్న అనుమానం. మండల స్థాయి పాస్టర్ల ఫెలోషిప్‌లు ఉంటాయి గానీ అక్కడ కూడా ఒకరు ప్రసంగిస్తే మిగతావారు ఆమెన్ అంటూ కూర్చుంటారు, చివర్లో భోజనం, గ్రూప్ ఫొటో. వాటిని తగ్గించి మాట్లాడటం లేదు, అవి సహవాసమే. కాపరికి కావలసింది మాత్రం ఇంకొకటి. తనను అయ్యగారూ అనకుండా ‘ఒరేయ్, ఏందిరా అట్టా చిక్కిపొయ్యావ్?’ అని అడిగే ఒక మనిషి. చిన్ననాటి తరగతి మిత్రుడు కావచ్చు, వేదాంత కళాశాల గదిలో పక్క మంచం పంచుకున్నవాడు కావచ్చు, విశ్వాసి కాని పొరుగువాడైనా కావచ్చు. నెలకోసారి కోవూరు దాకా వెళ్లి ఇద్దరూ కూర్చుని టీ తాగితే ఏ సంఘమూ కూలిపోదు.

ఆత్మీయ ఎదుగుదల మీద పాత ప్రసంగాల ఫిర్యాదును ఎలా చూడాలి? చాలామంది అభ్యర్థులు ‘ఇంకా ఎక్కువ సిద్ధపడాలి’ అని రాస్తారు. ఇప్పటికే తెల్లవారుజామున లేస్తున్న మనిషికి అది మరో బరువు. ప్రసంగాల సంఖ్య తగ్గించమని చెప్పండి. వారానికి ఆరు వాక్యాలు చెప్పేవాడు మూడు చెబితే మూడూ కొత్తగా ఉంటాయి. ప్రసంగంగా మారని ఒక్క పుస్తకమైనా నిదానంగా, తన కోసమే చదవమనండి.

ఒక మినహాయింపు మాత్రం రాయాలి. 2004 డిసెంబరు 26 ఆదివారం, క్రిస్మస్ మర్నాడు, ఈ తీరాన్ని సునామీ తాకింది. అలాంటి రోజున ఏ కాపరీ సెలవు చూసుకోడు, చూసుకోకూడదు. మామూలు రోజుల్లో విశ్రాంతి తీసుకున్నవాడికే అలాంటి రోజుకు శక్తి మిగులుతుంది. ప్రతి రోజునూ విపత్తులాగా గడిపినవాడి దగ్గర నిజమైన విపత్తు వచ్చేసరికి ఏమీ ఉండదు.

జవాబు రాసేటప్పుడు

నిర్వచనాలకు పావు వంతు, వాక్యాధారాలకు పావు, మిగతా సగం చరిత్రకు, అన్వయానికి కేటాయించండి. వాక్యభాగాలు రెండు చాలు, లోతుగా రాయండి. ఉదాహరణ కోసం పాశ్చాత్య గ్రంథాలే వెతకనక్కర్లేదు. గ్రెగరీ పోపు కాపరి గ్రంథం, రిచర్డ్ బాక్స్టర్ 1656 నాటి పుస్తకం తెలిసి ఉంటే మంచిదే, పేర్లు ప్రస్తావించండి. డే అనారోగ్యం, వెల్లంపల్లి వంతులు, అజరయ్య ప్రసంగం మాత్రం తప్పకుండా రాయండి. తేదీల్లో పొరపాట్లు ఎక్కువగా జరిగేవి: నెల్లూరు మిషన్ 1840, ప్రార్థన కొండ 1854, వెల్లంపల్లి 1878, అజరయ్య ప్రసంగం 1910, బిషప్ పదవి 1912.

సాధన ప్రశ్నలు

1. సహవాసానికీ స్నేహానికీ తేడాను కాపరి జీవితం నుంచి ఉదాహరణలతో వివరించండి.

2. మార్కు 6:30-46 ఆధారంగా, విశ్రాంతి వాయిదా పడటానికీ రద్దు కావడానికీ మధ్య తేడాను చర్చించండి.

3. అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ తొలి పాతికేళ్ల చరిత్ర నేటి పల్లె పరిచర్యకు ఏ హెచ్చరికలు ఇస్తుంది?

4. ‘కాపరి విశ్రాంతి సంఘ పెద్దల బాధ్యత.’ మీరు ఏకీభవిస్తారా? జీతం, పని పంపకం, కాపరి భార్య శ్రమను దృష్టిలో పెట్టుకుని రాయండి.

నాలుగో ప్రశ్న సాధన చేసే ముందు మీ ఊరి అయ్యగారిని, అమ్మగారిని ఒకసారి పలకరించి రండి. ఈ వారం ఎప్పుడు నిద్రపోయారో, ఎవరితో మనసారా మాట్లాడారో అడగండి. ఆ రోజుకు మాత్రం మీ ప్రార్థన అంశాలు చెప్పకండి.